గుండె కండరానికి రక్షణ: 4వ పాఠం – ద్రావణం కుడి జఠరికకు చేరిందా?

గుండె ఆపరేషన్‌లో గుండెను ఆపి, దాని కండరాన్ని కాపాడటానికి పంపే పొటాషియం ద్రావణాన్నే కార్డియోప్లీజియా అంటాం. దాని మీద గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి హైదరాబాదు నుంచి పర్ఫ్యూజన్ (గుండె-ఊపిరితిత్తుల యంత్రాన్ని నడిపే పని) విద్యార్థులు పంపిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట తడబడ్డాయి. మానిటర్ మీద ఈసీజీ గీత చదునైంది కాబట్టి కండరమంతటికీ రక్షణ అందినట్టేనని తేల్చేశారు. అందుచేత ఈసారి చెప్పవలసిన డెల్ నీడో ద్రావణాన్ని (కార్డియోప్లీజియాలో ఒక రకం) వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

పొటాషియం గుండెను ఎలా ఆపుతుందో మీకు తెలుసు. ఆగిన గుండెకు ఆక్సిజన్ అవసరం సుమారు 90 శాతం తగ్గుతుంది, చల్లబరిస్తే మరింత తగ్గుతుంది. అయితే ద్రావణం చేరని కండరానికి ఆ లెక్క వర్తించదు. బైపాస్‌కు వచ్చిన రోగికి హృద్ధమనులే (గుండె కండరానికి రక్తమిచ్చే ధమనులే) పూడుకుపోయి ఉంటాయి కనుక, బృహద్ధమని మూలం నుంచి యాంటిగ్రేడ్‌గా (రక్తం సహజంగా పారే దిశలో) పంపినది అడ్డంకి దాటి సరిగా పోదు. అందుకే కరోనరీ సైనస్ (గుండె సిరలు కలిసి కుడి కర్ణికలోకి తెరుచుకునే పెద్ద సిర) గుండా రెట్రోగ్రేడ్‌గా (సిరల్లోంచి ఎదురు దిశలో) కూడా ఇస్తాం.

ఇక్కడే నన్ను పదే పదే బాధపెట్టే పొరపాటు జరుగుతుంది. రెట్రోగ్రేడ్ ఇస్తే అన్ని మూలలకూ వెళ్ళిందనుకుంటారు. కుడి జఠరిక ముందు భాగపు సిరలు చాలావరకు సైనస్‌లో కలవకుండా నేరుగా కుడి కర్ణికలోకే తెరుచుకుంటాయి. పైగా మధ్య హృదయ సిర సైనస్ ముఖద్వారానికి దగ్గరగా కలుస్తుంది కాబట్టి, క్యాథెటర్‌ను (ద్రావణం పంపే గొట్టాన్ని) లోతుగా తోస్తే కొన దగ్గరి బెలూన్ ఆ సిరను దాటిపోతుంది, దానికి ద్రావణం అందదు. సైనస్ పీడనం 40 మిల్లీమీటర్ల పాదరసం (mmHg) మించకూడదు. ప్రవాహం సాగుతున్నా పీడనం పెరగకపోతే కొన కర్ణికలోకి జారిందేమో చూడాలి. పీడనం సరిగ్గా ఉన్నంత మాత్రాన కుడి జఠరికకు అందిందని చెప్పడానికి వీల్లేదు. గుండెను కొద్దిగా పైకెత్తి, వెనుకవైపు ఉన్న ఆ మధ్య హృదయ సిర బిగువుగా నిండుతోందా అని సర్జన్‌ను అడగండి. బృహద్ధమని మూలంలోకి హృద్ధమనుల ద్వారాల నుంచి నల్లటి రక్తం తిరిగి వస్తోందా అనేది రెండో గుర్తు. అయితే ఎడమ ద్వారం నుంచి మాత్రమే వస్తే దాన్ని చూసి తృప్తిపడకండి.

కుడి హృద్ధమని బాగా పూడుకున్న కేసుల్లో ఆ ధమనికి వేసే సిర గ్రాఫ్ట్‌నే (అడ్డంకిని దాటించడానికి కుట్టే సిర ముక్కనే) ముందుగా కుట్టించి, అందులోంచి నేరుగా ద్రావణం పంపడం నాకు నచ్చిన పద్ధతి. రక్తం కలిపిన కార్డియోప్లీజియా అయితే 15–20 నిమిషాలకోసారి మళ్ళీ ఇవ్వాలి. గుండె కదిలేదాకా ఆగకూడదు.

అభ్యాసం: రోగికి కుడి హృద్ధమని మొదట్లోనే పూర్తిగా మూసుకుపోయింది. బృహద్ధమని కవాటం ఓ మోస్తరుగా లీకవుతోంది. పుట్టుకతోనే మిగిలిపోయిన ఎడమ ఊర్ధ్వ మహాసిర కరోనరీ సైనస్‌లో కలుస్తోంది. తొలి డోసు ఏ దారిన ఇస్తారో, మిగిలిన ప్రతి దారినీ ఎందుకు వదిలేశారో, కుడి జఠరికకు చేరిందని దేన్నిబట్టి చెబుతారో ఒక పేజీలో రాయండి.