కోల్డ్ రూమ్ సెన్సర్‌ను ఐస్‌లో ఎలా పరీక్షించాలి?

హైదరాబాద్‌లో కాటేదాన్ వైపు ఒక పనీర్ గోడౌన్‌కి వెళ్తే డిస్‌ప్లే మీద 4 డిగ్రీలు, రిజిస్టర్‌లో నెలంతా అదే 4, పనీర్ మాత్రం మూడో రోజుకే పులిసిపోతోంది. కంప్రెసర్ మార్చాలేమోనని వాళ్ల టెన్షన్. సెన్సర్ తీసి ఐస్‌లో పెడితే సున్నా చూపాల్సింది మైనస్ 3 చూపించింది, అంటే గది నిజానికి 7 దగ్గర ఉందన్నమాట. చల్లటి సరుకు 5 దాటకూడదని, ఫ్రోజెన్ అయితే మైనస్ 18 ఉండాలని అందరికీ తెలుసు. ఆ అంకె చెప్పే సెన్సర్ సంగతే ఎవరూ పట్టించుకోరు.

కావాల్సినవి థర్మాస్ ఫ్లాస్కు, ఆర్‌ఓ నీళ్ల ఐస్, స్పూను, అంతే. చేపల దుకాణం ఐస్ వద్దు. దానికి ఉప్పు తగిలి ఉంటే సున్నా కంటే కిందికి దిగుతుంది.

ఇప్పుడు అందరూ పాడుచేసే పని. గ్లాసు నీళ్లలో నాలుగు ఐస్ ముక్కలు తేలేసి, ప్రోబ్‌ను, అంటే వైరు చివర ఉండే సెన్సర్ కొనను, అడుక్కి వదిలేస్తారు. అది పరీక్షే కాదు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి కాబట్టి ఆ నీళ్లే అడుగుకి చేరతాయి, మీ ప్రోబ్ కొలిచేది వాటినే. ఐస్‌ని అటుకులంత సన్నగా దంచి ఫ్లాస్కు నిండా నింపండి, సందులు పూడేంత వరకే చల్లటి నీళ్లు పోయండి. ఐస్ పైకి తేలిందంటే నీళ్లు ఎక్కువైనట్టే, వంపేయండి. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ తెల్లగా, పొడిగా ఉందంటే ఇంకా మైనస్‌లోనే ఉంది, బాగా తడిసి ఆ తెలుపు పోయేదాకా కలపండి.

ప్రోబ్ సరిగ్గా మధ్యలో, అడుగుకీ గోడకీ తగలకుండా, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతున ఉండాలి. పది నిమిషాలు ఆగండి, మధ్యమధ్య కలపండి, తర్వాత నిమిషానికోసారి మూడుసార్లు చూడండి. మూడూ ఒకటే వస్తేనే రాసుకోండి. అర డిగ్రీకి మించి తేడా ఉన్న సెన్సర్ ఆహారం దగ్గర ఉండకూడదు.

మరిగే నీళ్లలో పెట్టి 100 వచ్చిందా అని చూసేవాళ్లున్నారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, ఇక్కడ నీళ్లు దాదాపు 98కే మరుగుతాయి. బాగున్న సెన్సర్‌ని తప్పు అనుకుని రెండు డిగ్రీలు "సరిచేసి" పాడుచేస్తారు. పైగా మనం వాడేది 4 దగ్గర, 100 దగ్గర చూసి ఏం లాభం?

తేమ సెన్సర్‌ని మాత్రం నీళ్లలో ముంచకండి. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు కలిపి, జిప్ కవర్లో సెన్సర్ పక్కన పెట్టి, గదిలో రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి 75 శాతం చూపాలి. మిర్చి, పసుపు నిల్వ చేసేవాళ్లు ఇది తప్పక చేయాలి.

బిగించేటప్పుడు ఫ్యాన్ గాలికి ఎదురుగా వద్దు, సరుకు మధ్యలో, సరుకు ఎత్తులోనే పెట్టండి, తలుపు దగ్గర ఇంకొకటి. ప్రతి 10 నిమిషాలకీ రీడింగ్ చాలు. మార్చిలో, ఎండలు ముదరకముందే మళ్లీ ఐస్ పరీక్ష చేయండి. ఎంత తేడా వచ్చిందో, తేదీ ఏమిటో టేపు మీద రాసి వైరుకే అంటించండి, రిజిస్టర్‌లో రాస్తే పాత సెన్సర్‌దీ కొత్తదానిదీ కలిసిపోతాయి.