థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం: సంతకం పెట్టే ముందు ఏమేం చూసుకోవాలి

థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచరుగా ఆఫర్ వచ్చిందని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: "వర్క్ పర్మిట్ ఎవరు తీస్తారు? స్కూలా, ఏజెన్సీనా?" జీతం ఎంతో అందరూ టక్కున చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. నేను ఖమ్మంలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. తర్వాత ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఖొన్ కేన్ ప్రాంతంలో ఒక ప్రభుత్వ స్కూల్లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చాను. ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే పాత విద్యార్థులు, వాళ్ల స్నేహితులు ఆఫర్ లెటర్లు వాట్సాప్‌లో పంపి "మేడం, వెళ్లొచ్చా?" అని అడుగుతుంటారు. అక్కడ విద్యా సంవత్సరం మే మధ్యలో మొదలవుతుంది కాబట్టి ఆఫర్లు ఎక్కువగా ఆ రెండు నెలల్లోనే వస్తాయి, అదీ "రేపటికల్లా చెప్పండి" అనే తొందరతో.

ముందు మన పాస్‌పోర్టు సంగతి తెలుసుకోవాలి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లంటే అక్కడి లెక్కలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి దేశాల వాళ్లే. ఎల్‌కేజీ నుంచి పీజీ దాకా ఇంగ్లీషు మీడియంలో చదివినా మనం ఆ జాబితాలోకి రాము. అందుకే టోయిక్ (TOEIC) అనే ఇంగ్లీషు పరీక్షలో 990కి కనీసం 600 మార్కులు చూపించమంటారు. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఎప్పుడో రాసిన పరీక్షను నమ్ముకోవద్దు. ఒకే స్టాఫ్ రూములో కూర్చుని, ఒకే టైంటేబుల్ ప్రకారం పాఠాలు చెప్పే ఇద్దరిలో ఒకరికి 35,000 బాత్ (థాయ్ కరెన్సీ), మన వాళ్లకో ఫిలిప్పీన్స్ వాళ్లకో 22,000 బాత్ ఇవ్వడం నేను చూశాను. ఇది అన్యాయమే. పదేళ్ల అనుభవం ఉన్న టీచరుకు అది రోజూ గుచ్చుకుంటుంది. వెళ్లాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. వెళ్లాక సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

ఇంగ్లీషులో డిగ్రీ, పైన బీఈడీ ఉన్నవాళ్లు దక్షిణ కొరియా వైపు కూడా ఓసారి చూడండి. అక్కడి ఈ-2 టీచింగ్ వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్లకే ఇస్తారు. కానీ భారత్, కొరియా మధ్య 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన ఆర్థిక ఒప్పందం వల్ల, టీచరు అర్హత ఉన్న భారతీయులకు అసిస్టెంట్ ఇంగ్లీషు టీచర్లుగా ఆ దారి ఉంది. ఈ సంగతి మన బీఈడీ కాలేజీల్లో ఎవరూ చెప్పరు.

ఇక వీసా. 2023 నవంబరు నుంచి మన వాళ్లు టూరిస్టులుగా వీసా లేకుండానే థాయ్‌లాండ్ వెళ్లే వీలు వచ్చింది. విహారయాత్రకు మంచిదే. ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి అదే ఉచ్చవుతోంది. "స్కూలు తెరిచేస్తున్నారు, ముందు టూరిస్టుగా వచ్చేయండి, వచ్చాక కాగితాలు మారుద్దాం" అని ఏజెంట్లు అంటారు. ఒప్పుకోకండి. పని కోసం వెళ్లేవాళ్లకు నాన్ ఇమిగ్రెంట్ బి వీసా ఉండాలి, దాని మీద వర్క్ పర్మిట్ రావాలి. వర్క్ పర్మిట్ లేకుండా పాఠం చెబుతూ దొరికితే అక్కడి చట్టం ప్రకారం 5,000 నుంచి 50,000 బాత్ దాకా జరిమానా వేసి దేశం నుంచి పంపించేస్తారు. నాతో పరిచయమున్న ఒక అబ్బాయిని ఏజెన్సీ వాళ్లు టర్మ్ మొత్తం "వచ్చే వారం, వచ్చే వారం" అని తిప్పారు. స్కూలుకు ఎవరైనా అధికారి వస్తున్నారంటే చాలు, ఆ రోజు అతన్ని రావద్దనేవారు. ఆ టెన్షన్‌తో మనిషి సగమయ్యాడు. వీసాకు కావలసిన లెటర్లు స్కూలు పంపేదాకా టికెట్ కొనవద్దు. ఆ మాత్రం ఆగలేనివాళ్ల ఉద్యోగం మనకొద్దు.

జీతం లెక్క దగ్గర మన వాళ్లు ఎక్కువగా పొరబడతారు, కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి రెండు ఆఫర్లు పంపింది. ఒకటి ఏజెన్సీ ద్వారా, నెలకు 25,000 బాత్. రెండోది ఒక ప్రైవేటు స్కూలు నేరుగా ఇచ్చింది, నెలకు 21,500 బాత్, ఉండటానికి గది. తన మనసు మొదటిదాని మీదే ఉంది. కాంట్రాక్టు తెరిచి చూస్తే అది పది నెలలకే. అక్టోబరులో టర్మ్ సెలవులకు, మార్చి తర్వాత వేసవి సెలవులకు జీతం లేదు. అంటే ఏడాదికి వచ్చేది 2,50,000 బాత్. పన్నెండుతో భాగిస్తే నెలకు 20,800 చిల్లర. రెండోది పన్నెండు నెలలూ ఇస్తుంది, అంటే 2,58,000 బాత్. పైగా గది.

ఖర్చులు నేనున్న ప్రాంతం లెక్కలో వేసి చూపించాను. గది అద్దె 4,000, కరెంటు, నీళ్లు 1,000, తిండి 6,500, అద్దె బైకు, పెట్రోలు 2,500, ఫోను 500, సోషల్ సెక్యూరిటీ కోత అప్పట్లో 750. మొత్తం 15,250 బాత్. మొదటి ఆఫర్‌లో నెలకు మిగిలేది 5,500 చిల్లర. బాత్‌కు రెండున్నర రూపాయలు అనుకుంటే దాదాపు 14,000 రూపాయలు. రెండో ఆఫర్‌లో గది అద్దె ఉండదు కాబట్టి 10,250 బాత్, అంటే పాతిక వేల రూపాయలకు పైనే. ఆ అమ్మాయి కరీంనగర్‌లో అమ్మానాన్నల దగ్గరే ఉంటూ 28,000 జీతంలో 18,000 దాచుకుంటోంది. మొదటి ఆఫర్‌కు వెళ్తే ఇంట్లో ఉన్నప్పటికన్నా తక్కువే మిగిలేది. మీ ఆఫర్‌కూ ఇలాగే ఏడాది మొత్తం లెక్క వేసి, ఆ రోజు మారకం రేటుతో మార్చి, ఇప్పుడు మీరు దాస్తున్నదాని పక్కన పెట్టి చూడండి. బ్యాంకాక్‌లో అయితే అద్దె గడిలో అంకె బాగా పెంచుకోవాలి. ఈ స్థాయి జీతానికి అక్కడి ఆదాయపు పన్ను దాదాపు పడదు, ఆ భయం వద్దు.

మొదటి జీతం వచ్చేదాకా గడవడానికి డబ్బు ఉండాలి. గదికి రెండు నెలల అద్దె డిపాజిట్, ఒక నెల అడ్వాన్స్ అడుగుతారు. టికెట్, వీసా, సర్టిఫికెట్ల అటెస్టేషన్ కలిపి లక్షన్నర రూపాయలైనా చేతిలో లేకుండా బయల్దేరవద్దని నేను చెబుతాను. ఆ డబ్బు అప్పు చేసి తేవాల్సి వస్తే ఏడాది ఆగండి.

ఏజెన్సీలన్నీ మోసం కాదు. కానీ స్కూలు నుంచి తమకెంత వస్తోంది, అందులో మీకెంత ఇస్తున్నారు అన్నది మీకు తెలియనివ్వరు. స్కూలుతో గొడవొస్తే మీరు ఎవరి మనిషో కూడా తేలదు. మన దేశంలో ఉండి రిక్రూట్ చేసే ఏజెంటు అయితే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీకి మించి తీసుకోకూడదు. రెండు లక్షలు అడిగాడంటే అక్కడితో మాట ఆపేయండి. పదో తరగతి దాటినవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి మీరు వెళ్లేముందు ఏ ప్రభుత్వ ఆఫీసూ మీ కాంట్రాక్టు చూడదు. చూసుకోవాల్సింది మీరే. తెలంగాణ వాళ్లకు విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, వెళ్లి అడగడానికి మొహమాటపడొద్దు. స్కూలు పేరు, ఊరు చెప్పకుండా "బ్యాంకాక్ దగ్గర" అని దాటేసేవాళ్లను అసలు నమ్మొద్దు. టీచరనో డేటా ఎంట్రీ అనో చెప్పి తీసుకెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్, కంబోడియా సైబర్ మోసాల క్యాంపుల్లో పడేసే ముఠాలున్నాయి. వాటిలో చిక్కుకుని బయటపడినవాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు.

పని ఎలా ఉంటుందో ఇంటర్వ్యూలోనే అడగండి. వారానికి ఎన్ని పీరియడ్లు? క్లాసులో ఎంతమంది? నాకు వారానికి ఇరవైకి పైగా పీరియడ్లు, క్లాసుకు నలభై ఐదు మంది పిల్లలు. మన దగ్గర అర్థం కాకపోతే తెలుగులో ఒక్క మాట చెప్పేస్తాం. అక్కడ ఆ వీలు లేదు. బొమ్మలు, సైగలు, పాటలతోనే నడపాలి. నేను టీచరుగా ఎక్కువ నేర్చుకున్నది ఆ క్లాసుల్లోనే, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పిల్లలు కూడా బంగారాలు. అయితే పిల్లల్ని ఫెయిల్ చేయనివ్వరు. సున్నా వచ్చినవాడికి మళ్లీ పరీక్ష పెట్టి ఎలాగైనా గట్టెక్కించాలి. కాంట్రాక్టులో "స్కూలు అప్పగించే ఇతర విధులు" అని ఒక లైను ఉంటుంది. పొద్దున గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పలకరించడం, ఎనిమిదింటికి జెండా వందనం, శనివారం ఇంగ్లీషు క్యాంపులు అన్నీ అందులోకే వస్తాయి. శనివారాలకు విడిగా డబ్బు ఇస్తారా లేదా అని మెయిల్‌లో రాయించుకోండి. శాకాహారులకు ఒక మాట: కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. "జే" అని అడగాలి, లేదా వండుకోవాలి. నేను రైస్ కుక్కర్‌తోనే బతికాను.

సర్టిఫికెట్ల పని నెలలు పడుతుంది, ఆఫర్ వచ్చాక మొదలుపెడితే అందదు. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), కన్సాలిడేటెడ్ మార్కుల మెమో చేతిలో ఉండాలి. ప్రొవిజినల్‌తో అయిపోతుందని అనుకోవద్దు. పాస్‌పోర్ట్ సేవా నుంచి పోలీస్ క్లియరెన్స్, విదేశాంగ శాఖ అటెస్టేషన్, థాయ్ ఎంబసీ లీగలైజేషన్ వీటిలో స్కూలుకు ఏవి కావాలో జాబితా తెప్పించుకోండి. అక్కడ టీచర్ లైసెన్సులు ఇచ్చే టీచర్స్ కౌన్సిల్, అంటే కురుసపా, మీ డిగ్రీ నిజమైనదేనా అని యూనివర్సిటీని అడుగుతుంది. ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఆ ఉత్తరానికి జవాబు రాయించడానికి మీ తరఫున తిరిగే మనిషి ఊళ్లో ఒకరుండాలి. బీఈడీ లేనివాళ్లకు స్కూలు ద్వారా రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇప్పిస్తారు. రెండేళ్ల తర్వాత ఏం చేస్తారని స్కూలును ఇప్పుడే అడగండి.

చివరగా, మధ్యలో మానేస్తే ఏమవుతుందో చదవండి. నోటీసు ఎన్ని రోజులు, జరిమానా ఎంత, ఆఖరి నెల జీతం ఆపుతారా? ఉద్యోగం పోతే వర్క్ పర్మిట్‌తో పాటు వీసా కూడా పోతుంది, వేరే ఉద్యోగం వెతుక్కునేంత టైం ఉండదు. పాస్‌పోర్టు స్కూలు దగ్గరో ఏజెన్సీ దగ్గరో పెట్టాలన్న షరతు ఉంటే సంతకం పెట్టొద్దు. సెలవులకు ఇంటికి వచ్చేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి. ఒకసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా అయితే 3,800. అది లేకుండా దేశం దాటితే వీసా రద్దయిపోతుంది.

ఈ ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో రాసి పంపి, వారం గడువు అడగండి. అదే స్కూల్లో ఇప్పుడు పనిచేస్తున్న విదేశీ టీచరు ఒకరితో మాట్లాడించమని కూడా రాయండి. ఆ టీచరును అడగాల్సినవి రెండే: జీతం ఏ తేదీన పడుతోంది, ఈ పోస్టులో ముందున్నవాళ్లు ఎందుకు మానేశారు.