లాగ్ రావాల్సిన చోట రాకపోతే: మొబైల్, డెస్క్‌టాప్ యాప్‌ల లాగింగ్ సమస్యలు – పరిష్కారాలు

లాగింగ్ ఫ్రేమ్‌వర్క్ (యాప్ నడుస్తూ ఏం చేస్తోందో నమోదు చేసే లైబ్రరీ) ఏదైనా డెవలపర్ మెషిన్ మీద బాగానే పనిచేస్తుంది. యూజర్ దగ్గర యాప్ కూలిపోయి, ఆ లాగ్ ఫైలు తెరిచినప్పుడు అసలు తేడా తెలుస్తుంది. అందుకే ఫీచర్ల పట్టిక పక్కన పెట్టి, కింది సమస్యల్లో మీ యాప్‌కు ఏవి ఎదురవుతాయో చూసుకుని ఎంచుకోండి. ఇప్పటికే ఒకటి వాడుతుంటే దాన్ని మార్చే ముందు ఇవి తనిఖీ చేయండి. చాలాసార్లు ఒక సెట్టింగ్ మారిస్తే పని అయిపోతుంది.

డీబగ్‌లో లాగ్ వస్తోంది, రిలీజ్ బిల్డ్‌లో ఒక్క లైనూ లేదు

ఆండ్రాయిడ్‌లో టింబర్ అనే లాగింగ్ లైబ్రరీ వాడుతుంటే ముందు అప్లికేషన్ క్లాస్ చూడండి. టింబర్ తనంతట తాను ఏమీ రాయదు, ‘ట్రీ’ (లాగ్‌ను ఎక్కడ, ఎలా రాయాలో చెప్పే క్లాస్) నాటితేనే రాస్తుంది. డీబగ్ బిల్డ్‌లో మాత్రమే డీబగ్‌ట్రీ నాటి, రిలీజ్‌కు ఏదీ నాటకపోతే లాగ్ కాల్స్ అన్నీ ఎర్రర్ కూడా చూపకుండా వృథా అవుతాయి. వార్నింగ్, ఆపై స్థాయి మెసేజ్‌లను ఫైల్లో రాసే ట్రీ ఒకటి సొంతంగా రాసి రిలీజ్‌లో నాటండి.

ఆండ్రాయిడ్ సొంత లాగ్ క్లాస్‌నే నేరుగా పిలుస్తున్నా లైన్లు రావడం లేదంటే ప్రోగార్డ్ రూల్స్ ఫైల్లో ‘అస్యూమ్‌నోసైడ్‌ఎఫెక్ట్స్’ అని వెతకండి. ఆ రూల్ ఉంటే ఆర్8 (ఆ రూల్స్ చదివి రిలీజ్ కోడ్‌ను కుదించే టూల్) ఆ కాల్స్‌ను కోడ్‌లోంచే తీసేస్తుంది. దాన్ని వెర్బోస్, డీబగ్ మెథడ్‌లకే పరిమితం చేయండి, వార్నింగ్, ఎర్రర్ జోలికి పోనివ్వకండి.

ఫ్లట్టర్‌లో లాగర్ ప్యాకేజీదీ ఇదే ఇబ్బంది. దాని డిఫాల్ట్ ఫిల్టర్ అసర్ట్ మీద ఆధారపడుతుంది, రిలీజ్‌లో అసర్ట్‌లు నడవవు. ప్రొడక్షన్‌ఫిల్టర్ ఇచ్చి, లెవెల్‌ను వార్నింగ్‌కు పెట్టండి.

క్రాష్ అయింది, కానీ చివరి లైన్లు ఫైల్లో లేవు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే కారణం ఉండేది ఆ చివరి లైన్లలోనే. అవి మెమరీలోని బఫర్‌లోనో అసింక్ క్యూలోనో (వెనక మరో థ్రెడ్ రాసేదాకా ఆగే వరుస) ఉండగానే ప్రాసెస్ పోయింది. ఫ్రేమ్‌వర్క్‌ను బట్టి ఇది ఒక్కోలా జరుగుతుంది.

సీ ప్లస్ ప్లస్‌లో ఎస్‌పీడీలాగ్ ఫైల్ సింక్ (లాగ్‌ను ఫైల్లో రాసే భాగం) ప్రతి లైనునూ వెంటనే ఫ్లష్ చేయదు, అంటే బఫర్‌లోంచి బయటకు పంపదు. ‘ఫ్లష్_ఆన్’ను ఎర్రర్ స్థాయికి, ‘ఫ్లష్_ఎవ్రీ’ని 3 సెకన్లకు పెట్టండి. డాట్‌నెట్‌లో సెరిలాగ్ ఫైల్ సింక్ మామూలుగా ప్రతి ఈవెంట్‌కూ ఫ్లష్ చేస్తుంది. దాని చుట్టూ అసింక్ సింక్ చుడితే మాత్రం 10,000 ఈవెంట్‌ల క్యూ వస్తుంది, అది నిండితే కొత్తవి పారేస్తుంది. యాప్ ముగిసే ప్రతి దారిలోనూ, పట్టుకోని ఎక్సెప్షన్ హ్యాండ్లర్‌లో కూడా, ‘క్లోజ్‌అండ్‌ఫ్లష్’ పిలవాలి.

జావా డెస్క్‌టాప్‌లో లాగ్‌బ్యాక్ అసింక్ అపెండర్ (అపెండర్ అంటే సింక్ లాంటిదే) మరీ జాగ్రత్తగా చూడాల్సినది. దాని క్యూ 256 మాత్రమే. అందులో ఖాళీ 20 శాతానికి తగ్గగానే ట్రేస్, డీబగ్, ఇన్ఫో మెసేజ్‌లను వదిలేస్తుంది. అంటే యాప్ ఒత్తిడిలో ఉన్నప్పుడే, సరిగ్గా అవి కావాల్సినప్పుడే పోతాయి. ‘డిస్కార్డింగ్‌థ్రెషోల్డ్’ 0 చేయండి.

పరీక్ష ఇలా చేయండి: రిలీజ్ బిల్డ్‌లో వరుస నంబర్లతో 1,000 లైన్లు రాయించి, వెంటనే ప్రాసెస్‌ను చంపేయండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ నుంచి, ఆండ్రాయిడ్‌లో ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే టూల్) ఫోర్స్‌స్టాప్ ఇచ్చి. ఫైల్లో చివరి నంబర్ ఎంతో చూడండి. ఎంచుకోబోయే ఫ్రేమ్‌వర్క్‌కు మొదటి పరీక్ష ఇదే కావాలి. ఒక్క మాట: ఫ్లష్ అంటే డేటా ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరినట్టే, డిస్క్‌కు చేరినట్టు కాదు. ప్రాసెస్ కూలితే అది నిలుస్తుంది, కరెంట్ పోతే నిలుస్తుందన్న హామీ లేదు.

ఐఫోన్ లాగ్‌లో విలువల బదులు ‘ప్రైవేట్’ అని వస్తోంది

ఇది లోపం కాదు. ఆపిల్ వారి లాగర్ (ఐఓఎస్ 14 నుంచి ఉంది) రన్‌టైమ్‌లో వచ్చే స్ట్రింగ్‌లను దాస్తుంది. ఎక్స్‌కోడ్‌కు కలిపి నడిపేటప్పుడు కనిపిస్తాయి కాబట్టి మోసపోతాం. స్క్రీన్ పేరు, ఎర్రర్ కోడ్ లాంటివాటికే ప్రైవసీని పబ్లిక్ చేయండి. యూజర్ ఐడీకి హ్యాష్ మాస్క్ (అసలు విలువ బదులు దాన్నుంచి లెక్కించిన కోడ్) పెడితే ఒకే వ్యక్తి లైన్లను కలిపి చూడవచ్చు, ఆ వ్యక్తి ఎవరో మాత్రం తెలియదు. లాగిన్ టోకెన్లు అసలు లాగ్‌లోకే రాకూడదు. డీబగ్ స్థాయి మెసేజ్‌లు మామూలుగా డిస్క్ మీద నిలవవు, తర్వాత చూడాల్సినవి నోటీస్ స్థాయిలో రాయండి.

ఇన్‌స్టాల్ చేశాక డెస్క్‌టాప్ యాప్ లాగ్ ఫైలే సృష్టించడం లేదు

రిలేటివ్ పాత్ (పూర్తి ఫోల్డర్ దారి లేని ఫైలు పేరు) ఇచ్చి ఉంటారు. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజర్‌కు రాసే అనుమతి లేదు. మ్యాక్‌లో ఫైండర్ నుంచి తెరిస్తే వర్కింగ్ డైరెక్టరీ రూట్ అవుతుంది. విండోస్‌లో లోకల్ యాప్‌డేటా, మ్యాక్‌లో యూజర్ లైబ్రరీలోని లాగ్స్ ఫోల్డర్ వాడండి. ఫైలు రాయలేకపోయినా సెరిలాగ్ యాప్‌ను ఆపదు, ఏమీ చెప్పదు కూడా. అది చెప్పాలంటే సెల్ఫ్‌లాగ్ ఆన్ చేయాలి. డాట్‌నెట్‌లోని మరో ఫ్రేమ్‌వర్క్ ఎన్‌లాగ్‌లో ఇదే పనికి ఇంటర్నల్ లాగ్ ఫైల్ ఉంది.

కొన్నాళ్లు రాసి ఆగిపోతే సైజు చూడండి: సెరిలాగ్ ఫైల్ సింక్ డిఫాల్ట్‌గా 1 జీబీ దగ్గర రాయడం ఆపేస్తుంది. ‘రోల్‌ఆన్‌ఫైల్‌సైజ్‌లిమిట్’ ఆన్ చేయండి. యూజర్ మెషిన్ మీద 5 ఎంబీ ఫైళ్లు ఐదు చాలు.

లాగ్‌క్యాట్‌లో పొడవైన జేసన్ మధ్యలో తెగిపోతోంది

ఆండ్రాయిడ్ లాగ్‌లు చూపే టూల్ లాగ్‌క్యాట్‌లో ఒక మెసేజ్‌కు పరిమితి సుమారు 4,000 బైట్లు. అక్షరాలు కాదు, బైట్లు: యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కో కోడ్‌పాయింట్‌కు 3 బైట్లు తీసుకుంటుంది. ముక్కలు చేసి రాయండి, లేదా పూర్తి పాఠాన్ని ఫైల్లోకి పంపండి.

ఎస్‌ఎల్‌ఎఫ్4జే ‘ప్రొవైడర్లు లేరు’ అంటోంది

జావా కోడ్‌కూ లాగ్‌బ్యాక్ లాంటి లాగింగ్ లైబ్రరీకీ మధ్య ఉండే పొర ఎస్‌ఎల్‌ఎఫ్4జే. చాలాసార్లు ఈ రెండింటి వెర్షన్లు కలవకపోవడమే కారణం. ఎస్‌ఎల్‌ఎఫ్4జే 2తో లాగ్‌బ్యాక్ 1.2 పనిచేయదు, 1.3 లేదా ఆపైది కావాలి.

ఫోన్ లాగ్, డెస్క్‌టాప్ లాగ్ పక్కపక్కన పెడితే వరుస కుదరడం లేదు

ఒకటి స్థానిక సమయంలో, మరొకటి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తోంది. రెండింటిలోనూ యూటీసీ, మిల్లీసెకన్లతో రాయండి. యూజర్ గడియారం మార్చేస్తే ఇదీ చెడుతుంది కాబట్టి, ప్రతి లైనుకూ సెషన్ ఐడీ, ఆ సెషన్‌లో పెరుగుతూ పోయే వరుస సంఖ్య, యాప్ వెర్షన్ జోడించండి. ఈ ఫీల్డ్‌లను ఒక్కచోట పెట్టి ప్రతి లైనుకూ అంటించే వీలు ఫ్రేమ్‌వర్క్‌లో లేకపోతే, మరొకటి చూసుకోవడానికి అది చాలిన కారణమే.