నాగావళి వేగం కొలవడానికి నారింజ పండు

శ్రీకాకుళం దగ్గర నాగావళి నది వేగం తెలుసుకుందామని థర్మకోల్ ముక్కలు వదిలితే, ఒకే చోట ఒక్కోసారి ఒక్కో లెక్క వచ్చేది. కారణం గాలి. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి వీచే గాలి ప్రవాహానికి ఎదురు. థర్మకోల్ దాదాపు పూర్తిగా నీటి పైనే ఉంటుంది కనుక గాలి దాన్ని వెనక్కి నెడుతుంది.

తొక్క తీయని నారింజ ఈ చిక్కు తీర్చింది. చాలావరకు మునిగి తేలుతుంది, గాలికి లొంగదు, దూరం నుంచి కూడా చక్కగా కనిపిస్తుంది. వంపులు, బండలు లేని చోట ఒడ్డున 20 మీటర్ల ఎడంతో రెండు కర్రలు పాతాను. పండును మొదటి కర్రకు కాస్త ఎగువనే వేయాలి. కర్ర దాటేసరికి అది ప్రవాహపు వేగం అందుకుంటుంది. ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. నది నడుమ ఒక్కచోటే కొలిస్తే లెక్క ఎక్కువ వస్తుంది, ఒడ్డుల దగ్గర నీరు నెమ్మది కదా! అందుకే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వేర్వేరు చోట్ల వేసి సగటు తీశాను.

చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది. అడుగున ఇసుక, రాళ్లు నీటిని నిలువరిస్తాయి కాబట్టి పైనీటి వేగాన్ని సుమారు 0.85తో గుణించాలి. ఉదాహరణకు, 20 మీటర్లకు 25 సెకన్లు పడితే పైన సెకనుకు 0.8 మీటరు, మొత్తం మీద 0.68. వెడల్పు 30 మీటర్లు, సగటు లోతు అర మీటరు అయితే, ఈ రెండింటినీ ఆ 0.68తో గుణిస్తే, పారే నీరు సెకనుకు 10.2 ఘనపు మీటర్లు, అంటే సుమారు 360 క్యూసెక్కులు.

ఇదంతా నీరు తక్కువగా ఉన్న రోజుల్లోనే. ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నది పెరుగుతుంది. అప్పుడు లోతు చూడటానికి నీళ్లలో దిగకండి.