ఉబ్బిన మచ్చకు లేజర్: డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

మాఘమాసం పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయంటే చర్మ క్లినిక్కుల్లో రద్దీ మొదలవుతుంది. మీరూ వెళ్తుంటే:

• అది కీలాయిడా, మామూలు ఉబ్బు మచ్చా? చర్మవైద్యుల దగ్గర ముందు ఇది తేల్చుకోండి. మామూలుది గాయం పడిన మేరకే ఉంటుంది. కీలాయిడ్ ఆ హద్దు దాటి పాకుతుంది; చెవి కుట్టించుకున్న చోట రేగుపండంత గడ్డ కట్టడం చూసే ఉంటారు. దాన్ని ఉత్త లేజర్‌తో కాల్చేస్తే మళ్లీ పెరుగుతుంది, ఒక్కోసారి ముందుకన్నా పెద్దగా. అందుకే చాలాసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కలుపుతారు. ఆ ఊసే ఎత్తకుండా "ఒక్క సిట్టింగ్‌లో మాయం" అంటే లేచి వచ్చేయండి.

• చామనఛాయ ఒళ్లయితే ముందు చిన్న చోట టెస్ట్ చేయమనండి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా లేజర్ కాంతిని పీల్చుకుంటుంది. ఉబ్బు తగ్గి నల్ల మరక మిగలొచ్చు.

• ఎండకు కమిలి ఉంటే వాయిదా వేయండి. కారణం ఆ మెలనినే.

• పెళ్లి తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సిట్టింగుల మధ్య సాధారణంగా 4 నుంచి 8 వారాలు పడుతుంది. మచ్చలోని ఎరుపు తగ్గించడానికి వాడే పల్స్‌డ్ డై లేజరైతే ఊదారంగు కమిలింపు వారం, పది రోజులు ఉండొచ్చు. ఫొటోల్లో ముందు కనిపించేది అదే!

• మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గానీ, రక్తం పలచబరిచే మందు గానీ వాడుతుంటే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

• పెదవి దగ్గర జ్వరపు పొక్కులు వచ్చే అలవాటుందా? అదీ చెప్పండి. ముఖం మీద లేజర్ పడితే మళ్లీ లేవొచ్చు, ముందే మాత్ర ఇస్తారు.