ఆన్‌లైన్ క్యాసినో రేటింగులు చదవడం – 3వ భాగం: నక్షత్రాల లెక్క, కమీషన్ లెక్క

పోయిన భాగంలో ఒక పని ఇచ్చాను, ఏదైనా క్యాసినో రివ్యూ సైటు తెరిచి అందులో అన్నిటికంటే తక్కువ స్కోరు ఎంతో వెతకమని. వెతికినవాళ్లకి ఈపాటికి సంగతి అర్థమై ఉంటుంది. "పదికి ఇంత" అని రాస్తారు గానీ జాబితాలో పైకి కనిపించేవన్నీ 8.5కీ 9.8కీ మధ్యే ఇరుక్కుని ఉంటాయి. అలాంటి చోట 9.1 అంటే మధ్యరకం మార్కు, అంతే. ఏ స్కోరు కనపడినా ముందు కింది కొస ఎక్కడుందో చూడండి, తర్వాతే అంకె చూడండి.

ఈ భాగంలో జనం ఇచ్చే నక్షత్రాలూ, సైటువాళ్లు ఇచ్చే స్కోరూ విడివిడిగా చూద్దాం. రెండూ పాడయ్యే దారులు వేరు. ఉదాహరణలు బ్రిటన్ నుంచి తీసుకుంటున్నాను, ఎందుకంటే అక్కడ ఈ వ్యాపారం లైసెన్సు మీద నడుస్తుంది, ఆ రికార్డులు ఎవరైనా చూడొచ్చు, పైగా అక్కడ ఉండే మన తెలుగువాళ్లకి ఈ ప్రకటనలు రోజూ ఎదురయ్యేవే.

ముందు నక్షత్రాలు. ఒక క్యాసినోకి 10 రివ్యూలు, అన్నీ 5 నక్షత్రాలే. ఇంకోదానికి 200 రివ్యూలు, సగటు 4.4. మామూలు సగటు ప్రకారం మొదటిదే గొప్ప. కానీ పది రివ్యూలు రాయించుకోవడం ఒక పూట పని, కాబట్టి కొన్ని సైట్లు చిన్న సర్దుబాటు చేస్తాయి. జనం కంపెనీల మీద రివ్యూలు రాసే ట్రస్ట్‌పైలట్ సైటు అయితే ప్రతి కంపెనీకీ 3.5 నక్షత్రాల రివ్యూలు ఏడు ముందే ఉన్నట్టు లెక్కలో కలుపుతుంది. కాగితం తీసుకుని మీరే చేసి చూడండి: 7 × 3.5 అంటే 24.5. మొదటిదానికి 50 + 24.5 = 74.5, దాన్ని 17తో భాగిస్తే 4.38. రెండోదానికి 880 + 24.5 = 904.5, 207తో భాగిస్తే 4.37. రెండూ ఇంచుమించు ఒకటే అయిపోయాయి! (ట్రస్ట్‌పైలట్ కొత్త రివ్యూలకి ఎక్కువ బరువు కూడా ఇస్తుంది, ఇక్కడ దాన్ని పక్కన పెట్టాను.) సర్దుబాటు లేని సైట్లో మీరే ఈ ఏడు రివ్యూలు కలిపి చూసుకోవచ్చు, ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు.

అయితే ఈ లెక్క తక్కువ రివ్యూలున్న చోటే కాపాడుతుంది. 60 రివ్యూలతో సగటు 3 ఉన్న క్యాసినో 40 ఐదు నక్షత్రాలు కొనుక్కుంటే మామూలు సగటు 3.8కి ఎగబాకుతుంది, సర్దుబాటు చేసినా 3.78 దగ్గరే ఆగుతుంది. అక్కడ లెక్క పనిచేయదు, చదవాల్సిందే.

ఎలా చదవాలి? ఐదు నక్షత్రాలవి వరసగా ఇరవై తెరిచి, రాసినవాళ్లు ఏ దశలో రాశారో చూడండి. "చాట్‌లో ఫలానా అమ్మాయి చాలా బాగా హెల్ప్ చేసింది", "బోనస్ వెంటనే వచ్చింది" లాంటివే ఎక్కువ ఉంటే అవి డబ్బు లోపలికి వెళ్లేటప్పుడు రాసినవి. చాట్ అయిపోగానే రివ్యూ రాయమని లింకు పంపే కంపెనీలకి ఇలాంటివే పోగవుతాయి. మనకి కావాల్సింది డబ్బు బయటికి వచ్చేటప్పటి మాట: ఎంత గెలిచారు, విత్‌డ్రా ఎప్పుడు అడిగారు, ఎన్ని రోజులు పట్టింది, పాస్‌పోర్టు కాపీ ఎన్నిసార్లు అడిగారు. ఒక నక్షత్రం రివ్యూల్లోనూ ఇదే జల్లెడ. "అంతా మోసం, నా డబ్బంతా పోయింది" అన్న కోపం న్యాయమైనదే కావచ్చు, నాకు వాళ్లమీద జాలే ఉంది, కానీ దాంతో క్యాసినోని అంచనా వేయలేం, ఎందుకంటే నిజాయితీగా నడిచే చోట కూడా ఆటగాడు మొత్తమ్మీద పోగొట్టుకుంటాడు. యూరోపియన్ రూలెట్‌లో 37 గడులు, పందెం మీద క్యాసినోకి సగటున మిగిలేది 2.7 శాతం, స్కోరు 9.8 అయినా 4.2 అయినా అది మారదు.

ఇక సైటువాళ్ల స్కోరు. రివ్యూలో "ఇక్కడ ఆడండి" బటన్ ఉంటుంది కదా, దాన్ని నొక్కకుండా కంప్యూటర్లో మౌస్ దాని మీద ఉంచి కింద కనిపించే అడ్రసు చదవండి. బీట్యాగ్ (btag) లాంటి మాటా, పక్కన పొడుగాటి నంబరూ కనిపిస్తే ఆ సైటుకి కమీషన్ వెళ్తుందని అర్థం. కమీషన్ ముఖ్యంగా రెండు రకాలు: డబ్బు వేసిన ఒక్కో ఆటగాడికీ ఇంత అని ఒకటి, అతను పోగొట్టుకున్నదాంట్లో వాటా మరొకటి. వాటా 30 శాతం అనుకుంటే, మీరు 100 పౌండ్లు పోగొట్టుకున్నప్పుడు ఖర్చులు పోను దాంట్లోంచి 30 దాకా మీకు మార్కులు చూపించినవాడికే పోతాయి. నా మటుకు ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైన ముక్క ఇదే. కమీషన్ ఉన్నంత మాత్రాన ప్రతి మాటా అబద్ధం అనను, కానీ కమీషన్ ఇవ్వని క్యాసినోకి కూడా ఆ సైటు మంచి మార్కు ఇచ్చిందా అని వెతకండి. ఒక్కటీ దొరక్కపోతే ఆ స్కోరుని ధరల పట్టికలాగే చూడాలి.

మార్కులన్నీ పక్కన పెట్టి మనమే చూసుకోగలిగేది లైసెన్సు. బ్రిటన్‌లో జూదానికి లైసెన్సులిచ్చే గ్యాంబ్లింగ్ కమిషన్‌కి ఎవరైనా చూడగలిగే పబ్లిక్ రిజిస్టర్ ఉంది. కంపెనీ పేరు కొడితే లైసెన్సు నడుస్తోందా, ఏ డొమైన్లకి వర్తిస్తుంది, ఏం చర్యలు తీసుకున్నారు అన్నీ వస్తాయి. డొమైన్ అక్షరం అక్షరం సరిపోవాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన మచ్చ లేదని కాదు: 2023 మార్చిలో విలియం హిల్ అనే బెట్టింగ్ గ్రూపు కంపెనీలు 1.92 కోట్ల పౌండ్లు కట్టాల్సి వచ్చింది. అలాంటి సంగతి రివ్యూలో ఎక్కడైనా రాశారో లేదో చూస్తే రివ్యూ రాసినవాడి సంగతి కూడా తెలుస్తుంది. ఇంకొకటి, గామ్‌స్టాప్‌లో లేని క్యాసినోలు అంటూ జాబితా పెట్టే సైటు కనిపిస్తే అక్కడే మూసేయండి. గామ్‌స్టాప్ అంటే జూదం మానాలని, తమను ఆడనివ్వొద్దని తామే పేరు రాయించుకున్నవాళ్ల జాబితా, 2020 మార్చి నుంచి బ్రిటన్ లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ అందులో చేరి తీరాలి. మానాలని కష్టపడుతున్న మనిషిని వెనక్కి లాగే సైటు ఇచ్చే ఏ మార్కునీ నేను లెక్కలోకి తీసుకోను.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకి విషయం ఇంకా సూటిగా ఉంటుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం వాటి ప్రకటనలను కూడా నిషేధిస్తోంది. కాబట్టి "మన రాష్ట్రానికి బెస్ట్ క్యాసినో, 9.7" అని తెలుగులో కనిపిస్తే దాన్ని సరిచూసుకోవడానికి ఇక్కడ రిజిస్టరూ లేదు, డబ్బు ఆగిపోతే వెళ్లి అడగడానికి ఆఫీసూ లేదు.

ఈసారి అభ్యాసం: బ్రిటన్ క్యాసినోల రివ్యూ సైటు ఒకటి తీసుకోండి, మొదటి మూడు పేర్లు రాసుకోండి, మూడిటినీ గ్యాంబ్లింగ్ కమిషన్ రిజిస్టర్‌లో వెతకండి, పక్కనే ఒక నక్షత్రం రివ్యూల్లో విత్‌డ్రా గురించి రాసినవి ఎన్నో లెక్కపెట్టండి. డబ్బు వేయొద్దు, అకౌంట్ తెరవొద్దు, ఈ పనికి ఏదీ అక్కర్లేదు. నాలుగో భాగంలో బోనస్ షరతులు చదువుదాం, ముఖ్యంగా బోనస్‌ని ఎన్ని రెట్లు ఆడితే గానీ బయటికి తీసుకోనివ్వరు అనే లెక్క.