యూనివర్సిటీ అసైన్‌మెంట్‌కి ఏఐని ఎలా వాడాలి?

ఏ టూల్ అన్నది పెద్ద విషయం కాదు. చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్, ఏది అందుబాటులో ఉంటే అది. ముందు కోర్సు నిబంధనల్లో ఏఐ గురించి ఏం రాశారో చూడండి. ఏమీ లేకపోతే "వద్దనలేదు కదా" అని మొదలుపెట్టేయకుండా, టీచర్‌కి మెయిల్ పెట్టి వచ్చిన జవాబు దాచుకోండి. ఇంటర్వ్యూలు, సర్వే జవాబులు లాంటి ఇతరుల సమాచారం ఏఐ టూల్‌లో వేయకండి.

మొదటి డ్రాఫ్ట్ మీరే రాయాలి, అదీ కాగితం మీద. ఏఐ చేత రాయించి తర్వాత పదాలు మార్చుకునేవాళ్లు పని తేలికైందనుకుంటారు. మారింది పదాలే, ఆలోచన దానిదే. వైవాలో ఒక్క ప్రశ్నకి దొరికిపోతారు. మీ డ్రాఫ్ట్ టైప్ చేశాక అప్పుడు ఏఐని అడగండి: "ఈ వాదనలో బలహీనమైన చోటు ఏది? దీన్ని ఒప్పుకోనివాళ్లు ఏమంటారు?" దాని అసలు ఉపయోగం ఇక్కడే.

ఇక అందరూ బోల్తా పడే చోటు రిఫరెన్సులు. ఏఐ ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేసి రాస్తుంది. అందుకే నిజమైన పరిశోధకుడి పేరు, నిజమైన జర్నల్ పేరు, పేజీ నంబర్లు అన్నీ పెట్టి, లేని పేపర్ని సృష్టించగలదు. చూడ్డానికి అచ్చం అసలుదిలాగే ఉంటుంది. శీర్షికని గూగుల్ స్కాలర్‌లో వెతకండి. డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) ఉంటే తెరిచి, అదే పేపర్ వస్తోందో లేదో చూడండి.

పేపర్ దొరికిందని ఆగిపోతారు చాలామంది. అసలు ప్రమాదం అక్కడే. పేపర్ నిజమే అయినా, ఏఐ చెప్పిన మాట అందులో లేకపోవచ్చు, దానికి పూర్తిగా వ్యతిరేకంగా కూడా ఉండొచ్చు. తెరిచి, ఆ మాట ఏ పేజీలో ఉందో కళ్లతో చూసేదాకా దాన్ని వాడకండి. వెబ్‌లో వెతికి లింకులిచ్చే టూల్ అయినా ఇదే పద్ధతి.

"ఇది నిజమేనా?" అని మళ్లీ ఏఐనే అడగడం తనిఖీ కాదు. న్యూయార్క్‌లో ఒక లాయరు, చాట్‌జీపీటీ ఇచ్చిన పాత కేసుల గురించి సరిగ్గా అదే చేశాడు. నిజమే అంది. కోర్టుకి సమర్పించిన ఆ కేసులు అసలు లేనేలేవు. 2023లో ఆ లాయరుకీ, సహచరుడికీ, వాళ్ల సంస్థకీ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఏఐ రాతని మనిషి రాతలా మారుస్తామనే టూల్స్ జోలికి పోకండి. ఏఐ రాతని పట్టుకునే డిటెక్టర్లంటే టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట: చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే సరిగ్గా పనిచేయడం లేదని 2023 జూలైలో ఆపేసింది. రేపు ఎవరైనా అనుమానపడితే మీకు అక్కరకొచ్చేవి కాగితం డ్రాఫ్ట్, ఫైల్ వెర్షన్ హిస్టరీ, ఏఐతో జరిపిన, దాచుకున్న చాట్.

చివర్లో ఏ టూల్‌ని, ఎప్పుడు, దేనికి వాడారో రాయండి. "ఏఐ సాయం తీసుకున్నాను" అంటే ఏమీ చెప్పనట్టే. "రెండో భాగంలోని వాదనకి అభ్యంతరాలు అడిగాను, ఒకటి తీసుకున్నాను, వాక్యాలు నావే" అని వివరంగా ఉండాలి.